ఎవరూ తవ్వని బావులు

తాడిపత్రి నుంచి కొలిమిగుండ్ల వైపు వెళ్తుంటే కంటికి ఆనేదంతా బండే. పొలాల చుట్టూ ముళ్లకంప ఉండాల్సిన చోట నిలువునా పాతిన నాపరాళ్లు. ఇంటి కప్పు నాపరాయి, అరుగు నాపరాయి, పశువుల తొట్టి నాపరాయి. ముప్పై కిలోమీటర్లు ఇలా సాగాక బెలుం గుహల బోర్డు కనిపిస్తుంది. మొదటిసారి వచ్చినవాళ్లు బండి దిగి చుట్టూ చూసేది కొండ కోసం. గుహ అంటే కొండ చరియలో ఉండాలని యాగంటి, అహోబిలం మనకు నేర్పాయి. ఇక్కడ కొండ కాదు కదా, చెప్పుకోదగ్గ మిట్ట కూడా లేదు. చదునైన చేను. ఆ చేలో మూడు బావులు.

బావులని ఊరికే అనడం లేదు. దూరం నుంచి చూస్తే గిలక, చేంతాడు లేవన్న మాటే గానీ అచ్చం చేదబావుల్లాగే ఉంటాయి. ఆ మూడింటినీ ఎవరూ తవ్వలేదు. నడిమి దాంట్లోకి మెట్లు కట్టారు. ఇరవై మీటర్లు దిగాక దారి అడ్డంగా తిరిగి భూమి లోపలికి సాగుతుంది. కొలిచినంత మేర 3,229 మీటర్ల సొరంగాలు, అందులో సందర్శకులు తిరిగేది ఒకటిన్నర కిలోమీటరు. లోపల సింహద్వారం, కోటిలింగాలు, వేయి పడగలు, రాతి ఊడల మర్రి, తడితే స్వరం పలికే సప్తస్వరాల గుహ, అన్నిటికన్నా అడుగున పాతాళగంగ. ఫొటోలన్నీ వీటి దగ్గరే తీసుకుంటారు. వచ్చిన దారిని మాత్రం ఎవరూ నిలబడి చూడరు. నా మటుకు బెలుంలో అసలు విశేషం ఆ గుంతే. గుహ ఎలా పుట్టిందో, చివరికి ఏమవుతుందో రెండూ అక్కడే కనిపిస్తాయి. దాన్నే పత్రికలు సింక్‌హోల్ అని రాస్తున్నాయి.

పేరులోనూ ఉన్నది గుంతే. బెలుం అన్న మాట సంస్కృతంలోని బిలం నుంచి వచ్చిందంటారు. బిలం అంటే కన్నం. ఇదే నంద్యాల జిల్లాలో బేతంచెర్ల దగ్గరి గుహల పేరు బిల్లసర్గం. అల్లూరి జిల్లా అనంతగిరి కొండల్లో ఉన్న బొర్రా పేరుకు మూలం ఒరియా మాట, దానికీ కన్నమనే అర్థం చెబుతారు. గుహలకు మనవాళ్లు పేర్లు పెట్టింది లోపలి అందాన్ని చూసి కాదు, పైనున్న రంధ్రాన్ని చూసి.

ఇంతకీ రాయికి రంధ్రం ఎలా పడుతుంది? జవాబు వంటింట్లోనే దొరుకుతుంది. గట్టు మీద కడప బండ వేయించుకున్న ఇల్లాలిని అడగండి. కోసిన నిమ్మచెక్కను రాత్రి బండ మీద మరిచిపోతే తెల్లారేసరికి అక్కడ గుండ్రంగా వెలిసిపోయిన మచ్చ ఉంటుంది. ఎంత తోమినా పోదు. పోవడానికి అది మురికి కాదు, పాలిష్ కింద రాయి కొంచెం కరిగిపోయింది. కడప బండ సున్నపురాయి. పులుపు తగిలితే సున్నపురాయి కరుగుతుంది.

వానలో పులుపెక్కడిదంటే, పాత వాచకాల్లోని ఓ చక్కని తెలుగు మాట గుర్తు చేయాలి. కార్బన్ డయాక్సైడ్‌ను అప్పట్లో బొగ్గుపులుసు వాయువు అనేవారు. గోలీ సోడాలో జివ్వున నాలుకకు తగిలేది అదే. వాన చినుకు గాలిలోంచి దాన్ని కాస్తంత పట్టుకొస్తుంది. నేలలోకి దిగాక చాలా ఎక్కువగా పట్టుకుంటుంది. వేళ్లూ సూక్ష్మజీవులూ ఊపిరి వదిలే మట్టి పొరల్లో ఆ వాయువు బయటి గాలిలో కన్నా పదుల రెట్లు ఉంటుంది. అలా నేల దాటేసరికి వాన నీరు చాలా పలచని సోడా అయిపోతుంది. చింతపండు రసంతో పోలిస్తే ఇది పులుపే కాదు. తొందర కూడా లేదు. ఏడాదంతా కలిపినా రాయి వెంట్రుకవాసి కరిగితే గొప్ప.

అలా కరిగిన సున్నం ఎటు పోతుందో రాయలసీమలో బోరు నీళ్లు వాడేవాళ్లకు చెప్పనక్కర్లేదు. బిందె అడుగున తెల్లటి పొర, గీజరు కాయిలు మీద పెచ్చు, కడిగి ఆరబెట్టిన గ్లాసు మీద చుక్కలు. రాతిలోంచి కరిగి వచ్చిందే అదంతా. గుహలో పైకప్పు నుంచి వేలాడే ఊడలు కూడా ఈ పెచ్చే. నీటిబొట్టు కప్పుకు వేలాడుతూ తనలోని వాయువును వదిలేస్తుంది. వాయువు పోతే సున్నాన్ని మోసే బలం పోతుంది. మోయలేనిదాన్ని అక్కడే దించి రాలిపోతుంది. బెలుంలో వేయి పడగలనీ మీ ఇంటి గీజరులో పెచ్చునీ తయారుచేసినవాడు ఒక్కడే. గీజరు విషయంలో మాత్రం మెకానిక్‌ను పిలుస్తాం.

ఇక్కడి సున్నపురాయి కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పొరపొరగా పేరుకున్నది. కర్నూలు శిలాసముదాయంలో నర్జి సున్నపురాయి అంటారు. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1872లోనే కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద గ్రంథం రాశాడు. ఆ పొరలు చాలాచోట్ల ఇప్పటికీ పుస్తకంలో పేజీల్లా పరుచుకునే ఉన్నాయి. అందుకే గనుల్లో ఉలి పెట్టి కొడితే సాఫీగా పలకలుగా లేస్తాయి. ఇంటి కప్పుకు సరిపోయే బండ చేతిపనితోనే వచ్చేస్తుంది. మనిషికి వీలైన ఆ పొరలే, వాటిని నిలువునా కోసే పగుళ్లే నీటికీ వీలయ్యాయి. నిలువు పగులులో దిగడం, పొర సందున అడ్డంగా పాకడం, మళ్లీ పగులు దొరికితే దిగడం. బెలుంలో దారులు ఒకచోట నిటారుగా, మరోచోట ఉన్నట్టుండి మూల తిరిగి సాగడంలో ఆ పగుళ్ల అచ్చు కనిపిస్తుంది. నాపరాయి గనీ, గుహా రెండూ ఒకే రాతి గుణానికి పుట్టిన అన్నదమ్ములు.

సందు సొరంగం అయ్యేనాటికి అందులో నిండుగా నీళ్లున్నాయి. నీరు రాయిని తింటూనే దాన్ని మోస్తుంది కూడా. బావిలో మునిగిన బండ తేలికగా లేస్తుంది, నీటి మట్టం దాటగానే చేతులు లాగేస్తుంది. గుహ కప్పుకూ అంతే. లక్షల ఏళ్లలో నదులు లోతు కోసుకుని, నీటి మట్టం కిందికి దిగితే సొరంగంలోకి గాలి వస్తుంది, కప్పు బరువంతా కప్పు మీదే పడుతుంది. అడుగు పొర మొదట వంగుతుంది, పగుళ్ల దగ్గర విడుతుంది, ఊడి పడుతుంది. తర్వాత దాని పై పొర. ఒక్కో పలక రాలుతుంటే గుమ్మటంలాంటి ఖాళీ మెల్లగా పైకి ఎక్కుతుంది. చేలో దున్నేవాడికి ఇదేమీ తెలియదు. చివరి పలక కూడా పడ్డ రోజున మాత్రం చేలో బావి ఉంటుంది. బెలుం మెట్ల మీద ఆగి గోడల వైపు చూస్తే తెగిన పొరల అంచులు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. మనం లోపలికి వెళ్తున్నది తలుపు గుండా కాదు, కూలిన కప్పు గుండా.

ఈ గుంతలకు ప్రపంచంలో పేరు పెట్టింది స్లొవేనియా, ఇటలీ సరిహద్దులోని క్రాస్ అనే రాతి పీఠభూమి. ఇలాంటి సున్నపురాతి నేలలను పిలిచే కార్స్ట్ అన్న మాట దాని నుంచే వచ్చింది. సెర్బియా శాస్త్రజ్ఞుడు యోవాన్ స్వీయిచ్ 1893లో ఈ నేలల మీద రాసిన గ్రంథంతో అక్కడి పల్లెమాట దోలినా శాస్త్రంలో స్థిరపడింది. స్లావ్ భాషల్లో దానికి లోయ అని అర్థం. మనకు ఒక్క మాట లేదని చింతపడక్కర్లేదు. మన పల్లెల్లో క్రియలున్నాయి. నేల కుంగింది అంటే నిదానంగా పళ్లెంలా లోతు పడిందని. దిగబడింది అంటే నిన్న ఉన్నది ఇవాళ లేదని. కూలింది అంటే కింద బోలు ఉండి పైకప్పు పడిందని. శాస్త్రం చెప్పే రకాలు దాదాపు ఇవే. మరొకటి మాత్రం మనవాళ్ల నోట రాదు. పైన మట్టి లేని బండ మీద నీరు నిలిచి, నిలిచినచోటే కొద్దికొద్దిగా కరిగించి గుంత చేసుకోవడం. ఎవరి జీవితకాలంలోనూ జరగనిదానికి క్రియ ఎక్కడ దొరుకుతుంది?

కూలిన కప్పు ముసలితనంలో ఎలా ఉంటుందో చూడాలంటే బిల్లసర్గం వెళ్లాలి. అక్కడ కప్పులు పడిపోయి సొరంగాలే ఆకాశం కింద ఇరుకు లోయలైపోయాయి. లోయ గోడల్లో మిగిలిన గుహల నోళ్లు. మధ్యమధ్య పడకుండా నిలిచిన రాతి వారధులు. న్యూబోల్డ్ అనే కెప్టెన్ 1844లో దీని గురించి రాశాడు. తర్వాత నలభై ఏళ్లకు డార్విన్ మిత్రుడు థామస్ హక్స్లీ ఈ గుహల సంగతి మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్ చెవిన వేయడంతో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఇక్కడికి వచ్చాడు. పల్లవరంలో రాతియుగపు గొడ్డలిని గుర్తించినవాడు ఈయనే. బెలుం గురించి కూడా 1884లో రాసిపెట్టాడు. బిల్లసర్గంలో ఆయన, సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న ఆయన కొడుకు తవ్వకాలు జరిపించారు. పొరల్లోంచి బోలెడన్ని జంతువుల ఎముకలు బయటపడ్డాయి. ఈ మెట్ట సీమలో ఇప్పుడు ఊహించడానికి కూడా వీల్లేని ఖడ్గమృగం ఎముకలు వాటిలో ఉన్నాయి. ఒక గుహకు ఎముకల కొట్టమనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు ఆ తండ్రీకొడుకులు.

సున్నపురాతి గుంతల్లో ఎముకలు దొరకడంలో వింత లేదు. మేస్తూ వచ్చిన జంతువు అంచు జారితే పైకి రాలేదు. మీద నుంచి కొట్టుకొచ్చిన మట్టి దాన్ని కప్పుతుంది, ఆ మట్టిలోని సున్నం ఎముకను కాపాడుతుంది. పులుపు నేలలో అయితే ఎముక మిగలదు. బొర్రా గుహల గురించి చెప్పుకునే కథ కూడా ఇదే. మేతకు వెళ్లిన ఆవు గుహ కప్పులోని కన్నంలోంచి లోపల పడిందట, వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి గుహ, అందులో శివలింగంలాంటి రాయి కనిపించాయట. స్థలపురాణంగా వింటే అది శివుడి కథ. రాతి సంగతి తెలిసి వింటే, పశువుల కాపరులకు మాత్రమే బాగా తెలిసిన ఓ ప్రమాదం కథ.

ఇంతవరకూ చెప్పినవి పాత గుంతలు. మన కళ్ల ముందు పడ్డవి కడప దగ్గర ఉన్నాయి. 2015 నవంబరులో రాయలసీమను, నెల్లూరును వానలు ముంచెత్తాయి. అదే కాలంలో కడపను ఆనుకుని ఉన్న చింతకొమ్మదిన్నె మండలంలో, నాయనోరిపల్లె చుట్టుపక్కల నేల దిగబడడం మొదలైంది. ఒకటి కాదు, ఒకదాని తర్వాత ఒకటి. గిరిగీసి తవ్వినట్టు గుండ్రటి గుంతలు. తమ చేలోకి అడుగు పెట్టడానికి రైతులే జంకిన రోజులవి. టీవీల్లో వింత అన్నారు. ఊళ్లో అరిష్టమన్నవాళ్లూ ఉన్నారు. భూగర్భ సర్వే శాస్త్రజ్ఞులు వచ్చి చూశారు. కింద ఉన్నది సున్నపురాయి.

కానీ ఇక్కడ బెలుంలోలాగా రాతి కప్పు కూలలేదు. పడింది మట్టి. రాతిలో ఎప్పటిదో ఒక పగులు, దాని కింద ఎప్పటిదో ఒక బోలు. పైన కొన్ని మీటర్ల మట్టి. ఆ మట్టి అడుగు నుంచి పిడికెడు పిడికెడు పగులులోకి జారిపోతుంటుంది. చెరువు గట్టులో పందికొక్కు కలుగు పెడితే ఏమవుతుందో రైతుకు తెలుసు. పైన గడ్డి పచ్చగానే ఉంటుంది, నడిస్తే గట్టిగానే ఉంటుంది, లోపలంతా డొల్ల. ఒకరోజు కాలు మోపగానే మోకాలి దాకా దిగిపోతుంది. బంక ఉన్న మట్టి గుమ్మటంలా తనను తాను మోసుకోగలదు. ఆ గుణమే ప్రమాదం. ఉత్త ఇసుకైతే మొదటి రోజు నుంచే పైన పల్లం పడి హెచ్చరించేది.

వాన వచ్చింది, నేల పడింది, కాబట్టి వానే కారణం. పేపర్లో ఇంతవరకే వస్తుంది. వాన చేసింది చివరి పని. అంతకుముందు కరువేళ్లు గడిచాయి, బోర్లు లోతుకు పోయాయి. రాతి సందుల్లో, మట్టి అడుగున నిండి ఉన్న నీరు కొంత బరువును మోస్తూ ఉండేది. అది దిగిపోయాక మట్టి గుమ్మటం ఒంటరిదైంది. ఆరిన మట్టి బీటలిచ్చింది. అప్పుడు ఒక్కసారిగా వాన కురిస్తే పైమట్టి నానిన పరుపులా బరువెక్కుతుంది, బీటల్లోంచి దిగే వేగానికి అడుగు మట్టి కొట్టుకుపోతుంది. నీరు లేనప్పుడు బలహీనపడ్డ నేల నీరు వచ్చినప్పుడు పడిపోయింది. లెక్క రాస్తే కరువు పద్దులోనే రాయాలి. కరువు పద్దులో మన బోర్లకూ ఓ వరస ఉంటుంది. లోతైన గనుల్లోంచి నీటిని తోడిపోసే చోట్ల ఇలాంటి గుంతలు పడడం ఇతర దేశాల్లో ఎప్పటి నుంచో చూస్తున్నదే.

ముందే పసిగట్టలేమా అంటే, నేల కొన్ని ఆనవాళ్లు ఇస్తుంది. గుండ్రంగా విచ్చిన పగులు. కారణం లేకుండా ఒరిగిన కంచె బండ. నిన్నటిదాకా తేటగా వచ్చిన బోరు నీరు ఎర్రగా రావడం. రాత్రికి రాత్రి ఇంకిపోయిన కుంట. గుంత పడ్డాక మనవాళ్లు చేసే మొదటి పని ట్రాక్టర్‌తో మట్టి తెచ్చి పోయడం. పోసిన మట్టి కూడా అదే పగులులోంచి అదే దారిన పోతుంది. ఆ పగులు గొంతు దొరికేదాకా తవ్వి, దానికి అడ్డంగా పట్టే పెద్ద బండలు ముందు వేయాలి. వాటి సందుల్లోంచి జారని పరిమాణంలో చిన్నరాళ్లు, పైన కంకర, ఆ పైన ఇసుక, చివర్లో మట్టి. ఇంకుడు గుంతలో రాళ్లూ ఇసుకా పేర్చేవాళ్లకు ఇది కొత్త విద్య కాదు. ఖర్చు మాత్రం ట్రాక్టర్ బాడుగతో తీరదు.

హైదరాబాద్‌లో రోడ్డు దిగబడి లారీ ఇరుక్కున్నప్పుడు కూడా సింక్‌హోల్ అనే రాస్తారు. నగరం గ్రానైట్ మీద ఉంది. గ్రానైట్ ఇలా కరగదు. అక్కడ నేలను తినేది పాత పైపు, కప్పిన నాలా. కారుతున్న పైపు చుట్టూ మట్టి కొట్టుకుపోయి పైన తారు మాత్రమే మిగులుతుంది. చూడడానికి గుంత ఒకటే, బాధ్యుడు వేరు. రెండూ కలిసే చోట్లూ ఉన్నాయి. 2024 ఆగస్టు 23న కౌలాలంపూర్‌లో మస్జిద్ ఇండియా వీధిలో నడిచి వెళ్తున్న మన రాష్ట్రపు మహిళ ఒకరు ఉన్నట్టుండి దిగబడిన కాలిబాటలో పడిపోయింది. తొమ్మిది రోజులు మురుగు సొరంగాల్లో వెతికి ఆపేశారు. ఆమె దొరకలేదు. ఆ నగరంలో చాలా భాగం కింద సున్నపురాయి ఉంది. తైపూసం పండుగకు కావళ్లు మోసుకెళ్లే బాటు గుహలు అదే ప్రాంతపు సున్నపురాతి కొండలోవి. తప్పు పైపుదా రాయిదా అని అక్కడ చాలా చర్చ నడిచింది.

మళ్లీ బెలుంకు వస్తే, ఈ గుహను పర్యాటకులకు తెరవకముందు చుట్టుపక్కలవాళ్లకు ఇది చెత్త పారేసే గుంత. అందులో వాళ్లను మాత్రమే తప్పుపట్టలేం. ఎంత వేసినా నిండని గుంత చేలో ఉంటే ఎవరైనా చేసే పని అదే. 1980ల మొదట్లో డేనియల్ గెబవర్ నాయకత్వంలో జర్మన్లు వచ్చి లోపలంతా కొలిచి పటం గీశారు. 1999లో పర్యాటకాభివృద్ధి సంస్థ చేతికి వచ్చింది. శుభ్రం చేసి, దీపాలు పెట్టి, ఊపిరాడడానికి గాలి గొట్టాలు వేసి 2002లో తెరిచారు. చెత్త వేయడం ఆగింది.

అయితే సున్నపురాతి సీమలో ఇలాంటి నోళ్లు బెలుంలో ఉన్న మూడే కావు. ఇసుక నేలలో నీరు మెల్లగా ఇంకుతూ వడపోతకు గురవుతుంది. ఇక్కడ పైన పడ్డది పడ్డట్టు సొరంగం పట్టి పోతుంది. చచ్చిన దూడను గుంతలో వేస్తే ఆ నీరు ఏ ఊరి బావిలో తేలుతుందో చెప్పలేం. దిగే చోటుకు బిలం అని పేరు పెట్టినట్టే, పైకి ఉబికే చోటుకూ మనవాళ్లు పేరు పెట్టుకున్నారు. బుగ్గ. తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి పాదాల దగ్గర ఊట ఎప్పుడూ తడిగానే ఉంటుంది. కడప ఊరి మధ్య నుంచి పారేది బుగ్గవంక. నేల దిగబడ్డ చింతకొమ్మదిన్నె మండలంలోనే దాని మీద జలాశయం కట్టారు. బుగ్గలన్నీ సున్నపురాతివే కాకపోవచ్చు. కానీ రాయలసీమ పటం మీద బిలాలనూ బుగ్గలనూ గుర్తుపెట్టుకుంటూ పోతే భూమి కింద నీటి దారులకు సగం పటం మన పూర్వులు ఊరి పేర్లతోనే గీసిపెట్టారని అనిపిస్తుంది.

మిగతా సగం గీయడానికి ఓ పద్ధతి ఉంది. జర్మనీలో డాన్యూబ్ నది నీరు కొంత దారిలో ఒకచోట సున్నపురాతి నేలలోకి ఇంకిపోతుంది. అది ఎటు పోతోందని తేల్చడానికి 1877లో అక్కడి నీటిలో పది కిలోల ఆకుపచ్చ రంగు కలిపారు. దాదాపు అరవై గంటల తర్వాత, పన్నెండు కిలోమీటర్ల అవతల ఆఖ్ ఊట పచ్చగా మెరిసింది. ఆ ఊట మరో నది దారిన పోయేది కాబట్టి డాన్యూబ్ నీరు కొంత రైన్ నదికి చేరుతోందని తేలింది.

బెలుంలో అన్నిటికన్నా లోతైన చోటు, ద్వారం నుంచి 46 మీటర్ల అడుగున, పాతాళగంగ. సన్నటి ధార. రాతిలోంచి కనిపించి కొంచెం దూరం పారి మళ్లీ రాతిలోకి పోతుంది. ఎండాకాలమైనా ఆగదు. అది రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న బెలుం ఊరి బావిలోకే పోతుందని స్థానికుల నమ్మకం. గిద్దెడు రంగు తెచ్చి ఇక్కడ కలిపి, ఆ బావి గట్టున ఓ రెండు రోజులు కూర్చుంటే సరి.